ఇరవయ్యో బిళ్ళ

ఆ బుధవారం పొద్దున సునంద వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సాయంత్రం నాలుగింటికి మిల్లులో గంట పర్మిషన్ తీసుకోవాలి, ఖమ్మం నుంచి తనిఖీకి వచ్చే సారు చేతిలో అర్జీ పెట్టాలి, నెల రోజుల గడువు అడగాలి. అర్జీ ముందురోజే రాసుకుంది. "వినయపూర్వకంగా" అనే మాట అందులో మూడుసార్లు వచ్చేట్టు కూడా చూసుకుంది.

గడువు దేనికంటే, కారేపల్లి పిల్లల కేంద్రంలో ఒక బిడ్డ తగ్గింది. ఆ కేంద్రం ముగ్గురి పొత్తు. ఖాళీగా పడున్న పాత బడిని ప్రభుత్వం ఇచ్చింది. తిండీ, ఆయా జీతమూ పత్తి మిల్లు పెట్టుకుంది. మిగిలిన మూడోవంతు తల్లిదండ్రులు కడుతున్నారు. ఒప్పంద పత్రం పద్నాలుగు పేజీలు. తలుపు గొళ్ళెం ఊడితే ఎవరు బిగించాలో కూడా అందులో ఉంది. పిల్లలు ఇరవై మందికి ఒక్కరు తక్కువైనా కేంద్రం ఎత్తేస్తారన్న సంగతి పదకొండో పేజీలో ఉంది. మిరపకాయ ఏరడానికి వచ్చిన జైరాం కుటుంబం పని అయిపోయి, పోయిన వారమే బిడ్డతో సహా సొంతూరికి వెళ్ళిపోయింది. మిగిలింది పందొమ్మిది మంది.

సునంద ఆ మిల్లులోనే కాంటా గుమస్తా. భర్త సాయికృష్ణ బొగ్గు టిప్పర్ నడుపుతాడు. రేపు ఏ షిఫ్టో అతనికే తెలియదు. ప్రైవేటు ప్లేస్కూలుకు పంపితే ఆమె జీతంలో సగం ఫీజుకే పోతుంది. కేంద్రం రాకముందు ఆమె కూతురు, మూడేళ్ళ భవాని, కాంటా బల్ల కిందే పెరిగింది. ఒకరోజు బల్ల కింద నుంచి జారిపోయి కాంటా మీద కూర్చుంటే, ఒక రైతు పత్తి పది కిలోలు ఎక్కువ తూగింది. ఆ రైతు తప్ప అందరూ కోప్పడ్డారు. మళ్ళీ అలాంటిది జరిగితే ఉద్యోగం ఉండదని మేనేజరు అప్పుడే చెప్పేశాడు. అందుకే పొద్దుటి నుంచి సునందకు భయంగా ఉంది.

"నాయినా, ఇయ్యాల సారు ముంగట నీ గని ముచ్చట్లు మొదలువెట్టకు," అంది భవానికి జడ వేస్తూ.

"నేనెందుకు మాట్లాడుత బిడ్డా. నా బోర్డే మాట్లాడుతది," అన్నాడు వెంకటనారాయణ.

వెంకటనారాయణ సునంద తండ్రి. ఇల్లందు వైపు బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళు, కార్మికులకు దీపాలిచ్చే ల్యాంపు రూములో పనిచేసి రిటైరయ్యాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ అక్కడ ఒక ఇత్తడి బిళ్ళ బోర్డుకు తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ ఉందంటే లోపల మనిషి ఉన్నట్టే. గని మేనేజరుకైనా మినహాయింపు లేదు. ఇప్పుడు కేంద్రానికి జీతం లేని కాపలాదారు కూడా వెంకటనారాయణే కాబట్టి, ఇక్కడా అదే పద్ధతి పెట్టాడు. ఇరవై బిళ్ళలు చేయించి ఎర్రరంగుతో అంకెలు వేశాడు. పిల్ల గేటు దాటి లోపలికొస్తే బిళ్ళ ఎక్కుతుంది, తల్లి వచ్చి తీసుకెళ్తే దిగుతుంది. మొదట్లో నవ్విన తల్లులే ఇప్పుడు బిళ్ళ దిగేదాకా పక్కనే నిలబడుతున్నారు.

వాళ్ళు కేంద్రానికి వచ్చేసరికి ఆయా రూప్లి వాకిలి ఊడ్చి, గిన్నెలు కడిగి, తనిఖీ అని బిళ్ళలు కూడా ఒక గిన్నెలో వేసుకుని కూర్చుంది.

"రూప్లక్కా, సారు ఏమన్న అడిగితే అడిగిందానికే జవాబు చెప్పు," అని సునంద చెవిలో చెప్పింది. "మన ముచ్చట్లన్నీ ముంగటెయ్యకు."

"అడిగిందానికే. గంతే కద," అంది రూప్లి. ఆమె మాట ఇస్తే తప్పే మనిషి కాదు.

మూడింటికి హరిప్రసాద్ సారు వచ్చాడు. చెడ్డవాడు కాదు. కాగితంలో లేని పని చేయాలంటే ఆయనకు నిద్ర పట్టదు, అంతే. పిల్లల్ని లెక్కపెడితే మొదట ఇరవై ఒకటి వచ్చింది, తర్వాత పదిహేడు వచ్చింది. చివరికి గోడ వెంబడి కూర్చోబెట్టి, కదిలినవాళ్ళకు బిస్కెట్ లేదని చెప్పి లెక్కపెడితే పందొమ్మిది తేలింది.

"ఒకరు తక్కువున్నరు తాతా," అన్నాడు బాధగానే.

"అవ్ సార్. మా బిడ్డ అర్జీ తెస్తది."

సునంద రాలేకపోయింది. ఆ రోజు మిల్లుకు పత్తి ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరాయి. భవానిని ఇంటికి తీసుకెళ్ళమని పక్కింటి సమ్మక్కకు ఫోను చేసి, కాంటా ముందు తూకాలు రాస్తూ కూర్చుంది. నాలుగున్నరకు కేంద్రంలో ఆఖరి పిల్ల కూడా ఇల్లు చేరింది. హరిప్రసాద్ వరండాలో కూర్చుని ఫారంలో "మూసివేయుటకు సిఫారసు" దాకా రాసి, ఆలోచిస్తూ తలెత్తాడు.

"ఒకటి మిగిలిందేంది తాతా?"

వెంకటనారాయణ తిరిగి చూశాడు. బోర్డు మీద ఒక బిళ్ళ మిగిలి, సాయంత్రపు ఎండకు తళతళ మెరుస్తోంది. ఆయన వెళ్ళి గేటుకు తాళం వేశాడు. తర్వాత సుత్తి తీసుకుని, బడి గంటగా వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఆపకుండా కొట్టడం మొదలుపెట్టాడు.

"తాతా, నాకు ఐదున్నరకు బస్సుంది," అన్నాడు హరిప్రసాద్ చెవులు మూసుకుని.

"లోపల మనిషి ఉన్నడు సార్. దొరికిందాక ఎవరూ బయటికి పోవద్దు."

"ఎవరు? నంబరెంత?"

వెంకటనారాయణ బిళ్ళ దగ్గరికి వెళ్ళి అటూ ఇటూ తిప్పాడు. రెండువైపులా నున్నగా ఉంది.

"బోర్డు మీదున్నయి గూడ చింతపండు పెట్టి తోమిన సార్," అంది రూప్లి గర్వంగా. "ఎర్రమరకలన్నీ పోయినయ్."

గంట విని తల్లిదండ్రులు పరుగున వచ్చారు. వచ్చినవాళ్ళను వెంకటనారాయణ లోపలికి రానిచ్చాడు, బయటికి మాత్రం పోనివ్వలేదు. పావుగంటలో బడి నిండిపోయింది. ప్రతి తల్లీ తన బిడ్డను చంకనెత్తుకునే వచ్చింది. సమ్మక్క ఒక చంకన సొంత కొడుకునూ, రెండో చంకన భవానినీ మోసుకొచ్చింది. మళ్ళీ లెక్కపెట్టారు. పందొమ్మిది. రిజిస్టరు చూశారు. జైరాం బిడ్డ పేరు కొట్టేసి ఉంది, ఆ బిడ్డ బిళ్ళ గిన్నెలోనే ఉంది, మిగిలిన పేర్లు పందొమ్మిది. బోర్డు మీదున్న బిళ్ళ మాత్రం ఇరవయ్యోది.

"అందరి పిల్లలూ ఉన్నరు. ఇగ తప్పిపోయింది ఎవరు?" అంది సమ్మక్క.

హరిప్రసాద్ ఉద్యోగం పద్ధతిగా నేర్చుకున్నవాడు కాబట్టి సాక్షిని ప్రశ్నించాడు.

"ఆయమ్మా, ఇయ్యాల ఎన్ని గుడ్లు ఉడకవెట్టినవ్?"

"ఇరవై సార్."

"మిగిలినయా?"

"లేదు సార్. అన్నీ తిన్నరు."

"చాపలెన్ని పరిచినవ్?"

"ఇరవై."

"ఇరవయ్యో చాప మీద ఎవరన్న పండుకున్నరా?"

"పండుకున్నరు సార్. మంచిగ నిద్రపోయిండ్రు."

హరిప్రసాద్‌కు చెమట పట్టింది. రిజిస్టరులో లేని బిడ్డ గుడ్డు తిని, నిద్రపోయి, మాయమైంది. పేరున్న బిడ్డ తప్పిపోవడం కన్నా ఇది పెద్ద తప్పు. ఖమ్మం ఆఫీసుకు ఫోను కలిపి, ఇరవయ్యో బిడ్డ కనిపించడం లేదని చెప్పేశాడు. చెప్పాక, ఇరవయ్యో బిడ్డ ఉందని తానే ఒప్పుకున్నట్టయిందని తోచింది కానీ, అప్పటికే అవతల పెద్దసారు అరుస్తున్నాడు.

ఇంతలో మిల్లు మేనేజరు ఉదయ్ భాస్కర్ కారులో దిగాడు. మనిషి సత్తుపల్లి అవతల ఆంధ్ర వైపు వాడు, మాట మెత్తన. గేటు లోపలికి వచ్చేదాకా తాను బయటికి వెళ్ళలేడని ఆయనకు తెలియదు.

"ఏవండీ, ఒప్పందం ప్రకారం మా బాధ్యత తిండి వరకేనండి. బిడ్డ గుడ్డు తిన్నాడంటున్నారు కదా. అంటే మా వంతు అయిపోయినట్టేనండి."

"మాది బిల్డింగు," అన్నాడు హరిప్రసాద్. "బిల్డింగు ఎక్కడికీ పోలేదు. నాలుగు తర్వాత పిల్లలు తల్లిదండ్రుల బాధ్యత."

"మాది మూడోవంతే సార్," అంది సమ్మక్క. "మూడోవంతు బిడ్డను ఎట్ల ఎతుకుతం?"

పద్నాలుగు పేజీలూ తిరగేశారు. గొళ్ళెం సంగతి మళ్ళీ కనిపించింది కానీ, తప్పిపోయిన బిడ్డ సంగతి కనిపించలేదు. పేరుకు బాధ్యత లేకపోయినా, ఉదయ్ భాస్కర్‌కు లోపల గుబులుగానే ఉంది. పిల్లలు అప్పుడప్పుడు పత్తి కుప్పల్లో దూరతారని గుర్తొచ్చి, మిల్లు ఆపించి, కుప్పలన్నీ తిరగేయమని ఫోనులో చెప్పాడు. తూకం ఆగిపోయింది. ట్రాక్టర్ల బారు రైల్వే గేటు దాకా పెరిగింది. ఇంత గందరగోళంలో అందరికన్నా గట్టిగా వెతికింది వెంకటనారాయణే. బీరువా వెనక, నీళ్ళ డ్రమ్ములో, చివరికి గుడ్ల ట్రే కింద కూడా చూశాడు.

"నేనుండంగ ఒక్క మనిషిని ఇడిసిపెట్టి షిఫ్టు దిగలే," అని గొణుగుతూనే ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

కాంటా ఆగడంతో సునందకు అడక్కుండానే పర్మిషన్ దొరికింది. కేంద్రంలో బిడ్డ తప్పిపోయిందన్న మాట దారిలోనే చెవిన పడింది. భవానికి ఏమైందోనని చెప్పులు రోడ్డు మీదే వదిలేసి పరుగెత్తింది. గేటు దాటగానే సమ్మక్క చంకలో బిస్కెట్ నములుతున్న భవాని కనిపించింది. బిడ్డను లాక్కుని గుండెకు అదుముకుని ఏడ్చేసింది. ఏడుపు తగ్గాక, అందరి భుజాల మీదుగా బోర్డు వైపు చూసింది.

చిన్నప్పుడు ఆమె అన్నం డబ్బా తీసుకుని ల్యాంపు రూముకు వెళ్ళేది. పొద్దున బోర్డు ఎక్కే మొదటి బిళ్ళ ఎవరిదో ఆమెకు బాగా తెలుసు.

"నాయినా," అంది నెమ్మదిగా. "నీ జేబుల బిళ్ళ ఉన్నదా?"

వెంకటనారాయణ చొక్కా జేబు తడుముకున్నాడు. "లేదు. ఇంకా ఇంటికి పోలేద్గద."

"పొద్దున బోర్డుకు ఏసినవా?"

"ముప్పై ఏండ్ల సంది ఏస్తున్న. ఇయ్యాల ఎందుకు ఎయ్య?" అని, నోరు అలాగే తెరుచుకుని ఆగిపోయాడు.

హరిప్రసాద్ మెల్లగా రూప్లి వైపు తిరిగాడు.

"ఆ గుడ్డు ఎవరు తిన్నరమ్మా?"

"తాతే సార్. చాప మీద పండుకున్నది గూడ తాతే. మీరు పేరు అడగలే. అడిగిందానికే చెప్పుమన్నది సునందమ్మ."

వెంకటనారాయణ పిల్లల బుల్లి కుర్చీలో కూలబడ్డాడు. "నన్ను నేనే ఎతుక్కున్ననా బిడ్డా," అన్నాడు తల దించుకుని. ఆయన సిగ్గు చూసి సునందకు కోపం రాలేదు. ఎవరి వంతో తేలని బిడ్డ కోసం డ్రమ్ముల్లో తల దూర్చి వెతికిన మనిషి ఆయనొక్కడే. ఇలాంటి మనిషి కాసే చోటును రేపటి నుంచి మూసేస్తారా అనుకుంది.

అప్పుడే హరిప్రసాద్ ఫోను మోగింది. ఖమ్మం పెద్దసారు. హరిప్రసాద్ ఫోను వైపు, బుల్లి కుర్చీలోని వెంకటనారాయణ వైపు మార్చి మార్చి చూశాడు. అలాంటి బిడ్డే లేదంటే, లేని బిడ్డ తప్పిపోయిందని ఎందుకు చెప్పావంటారు. ఉన్న సంగతి చెబితే రిటైరయ్యేదాకా నవ్వుతారు.

"దొరికిందని చెప్పండి సార్," అంది సునంద. "దొరికిండు కద."

హరిప్రసాద్ ఫోను ఎత్తాడు. "దొరికింది సార్. కేంద్రంలనే ఉన్నది. లేదు సార్, దెబ్బలేం తగల్లే. కొంచెం బెదిరింది. అవ్ సార్, అందరూ ఉన్నరు. మొత్తం ఇరవై."

ఆ అంకె తన నోటితో తానే విని, ఫోను పెట్టేసి, ఫారం దగ్గరికి లాక్కున్నాడు. జీవితంలో మొదటిసారి కాగితంలో లేని పని ఒకటి చేశాడు. "మూసివేయుటకు" కొట్టేసి "కొనసాగించుటకు" అని రాశాడు. తర్వాత ఇరవయ్యో బిడ్డకు కొత్త దరఖాస్తు తీశాడు.

"వయసు నెలల్ల రాయాలె," అన్నాడు.

"అబద్ధం రాయొద్దు సార్," అన్నాడు వెంకటనారాయణ కుర్చీలోంచే. "అరవై ఏడు ఏండ్లు."

హరిప్రసాద్ వేళ్ళ మీద లెక్కేసి, ఎనిమిది వందల నాలుగు అని రాశాడు. సంరక్షకుల గడిలో సునంద సంతకం పెట్టింది. చిన్నప్పుడు తన బడి ఫారాల మీద నాయిన ఇలాగే సంతకం పెట్టేవాడని గుర్తొచ్చింది. గుడ్డు తమ వంతేనని ఉదయ్ భాస్కర్ ఒప్పుకున్నాడు. వెంకటనారాయణ లేచి బిళ్ళ తీసి జేబులో వేసుకుని, ఖాళీ బోర్డును రెండుసార్లు చూసి, అప్పుడు గేటు తాళం తీశాడు. హరిప్రసాద్ ఎక్కాల్సిన బస్సు మాత్రం వెళ్ళిపోయింది.

మరుసటి నెల బరువుల చార్టు అందిన మీదట ఖమ్మం నుంచి ఒక ఉత్తరం వచ్చింది: ఇరవయ్యో బిడ్డ అరవై ఎనిమిది కిలోలు ఉన్నందున గుడ్డు నిలిపివేసి, ఆటలు పెంచవలెను.