సగం ధర కరెంటు

తెల్లారేసరికి కరెంటాఫీసు ఇంజినీరుగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దం ముందు ఉపన్యాసం మొదలుపెట్టారు. పెద్ద కంపెనీవాళ్లు ఆరోజే వస్తున్నారు. ఫ్యాక్టరీ పెడితే కరెంటు సగం ధరకే ఇస్తామని వాళ్లకి రాసింది ఈయనే. ఫ్యాక్టరీ వస్తే ప్రమోషన్, రాకపోతే కొండల మధ్య సబ్‌స్టేషన్‌కి బదిలీ. వాళ్ల జవాబులో ఎన్ని లక్షల యూనిట్లు కావాలో నాలుగుసార్లు చదివారు గానీ, ఏం తయారుచేస్తారో చదవలేదు.

"ఒక్కటే భయం. మీటింగు హాల్లో ఓల్టేజీ మీటరు పెట్టాం. ఊళ్లో మోటార్లు వేశారంటే ముల్లు గజగజ వణుకుతుంది," అన్నారు భార్యతో.

"దానికేముందండీ! పదింటి నుంచి రెండు గంటలు మోటార్లు వెయ్యొద్దని మన వీధివాళ్లకి చెప్తాను. మీరు నిశ్చింతగా వెళ్లిరండి."

ఆవిడ అన్నది వీధివరకే. కానీ పక్కనే కాఫీ తాగుతున్న ఆవిడ తమ్ముడికి బావంటే ప్రాణం. వీధి ఏం సరిపోతుంది? మైకు సంపాదించి స్కూటరెక్కాడు. మొదటి వీధిలో "పదింటికి మోటార్లు ఆపండి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టేసరికి రెండో వీధిలో ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ కలిపాడు. బజారు చేరేసరికి, "ఒక్క బల్బు వెలిగినా ఫ్యాక్టరీ రాదు! మన పిల్లలకి ఉద్యోగాలు రావు!" అని గొంతు చించుకున్నాడు. పది కొట్టగానే ఊరు ఊరంతా ఆపేసింది. పళ్ల డాక్టరు నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే ఉంచి మిషను కట్టేశాడు.

సరిగ్గా అప్పుడే ఇంజినీరుగారు అతిథులతో ఆఫీసు లిఫ్టులో పైకి వెళ్తున్నారు.

"మేడమ్, మా ఊళ్లో కరెంటు పోవడమనేదే..." అని కంపెనీ పెద్దావిడతో అంటూండగా లిఫ్టు ఆగిపోయింది. చీకటి.

పావుగంటకి ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ! మా తమ్ముడు ఊరంతా ఆపించేశాడండీ! మన ఆఫీసే ఆపకపోతే పరువేముంటుందని మీ లిఫ్టాయన కూడా లిఫ్టు కట్టేసి, తాళం జేబులో వేసుకుని వీడి స్కూటరెక్కాడు! ముల్లు కదలట్లేదు కదా?"

"ఏదీ కదలట్లేదే," అన్నారాయన ఏడుపు గొంతుతో.

గంటన్నర తర్వాత లిఫ్టాయన తిరిగొచ్చాక తలుపు తెరుచుకుంది. అందరూ చెమటతో ముద్దయిపోయారు. కిటికీలోంచి చూస్తే బజారు బజారంతా కరెంటు పోయినట్టే ఉంది. ఇంజినీరుగారికి కళ్లముందు కొండలే కనిపిస్తున్నాయి.

"క్షమించండి మేడమ్... సగం కాదు, పావు ధరకే..."

పెద్దావిడ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "ధర సంగతి తర్వాతండీ! ఎన్ని ఊళ్లు తిరిగాం! మా ఇన్వర్టర్లు చూపించి అమ్ముకోడానికి ఇంతకన్నా మంచి ఊరు దొరుకుతుందా? నిజం చెప్పండి, ఇలా ఊరంతా తరచూ పోతుందా?"

ఇంజినీరుగారి కళ్లముందు కొండలు మాయమయ్యాయి.

"పోతుంది మేడమ్! మీరు అడగాలే గానీ, తప్పకుండా పోతుంది!"

ఫ్యాక్టరీ వచ్చింది, ప్రమోషన్ వచ్చింది. కంపెనీవాళ్లు కొనుగోలుదార్లను వెంటబెట్టుకొచ్చినప్పుడల్లా బావమరిదిని స్కూటరెక్కించడమే ఇప్పుడాయన డ్యూటీ.