ఫిర్యాదులను సున్నా చేసిన నోరు

ఈ దేశంలో జనాన్ని వరుసలో నిలబెట్టే యంత్రాంగాలు కోకొల్లలు. నిలబడ్డ వరుసను నిమిషంలో చెదరగొట్టిన యంత్రం ఒక్కటే. అది కటక్‌లో, సమస్త సౌకర్యాల పర్యవేక్షణ కార్యాలయంలో, ఫిర్యాదుల కిటికీ వెనుక ఉండేది. అది గుమస్తా బనమాలి నాయక్ గారి నోరు.

కిటికీ దగ్గరకు మనిషి రాగానే బనమాలి ముందుకు వంగి, మర్యాదగా, "చెప్పండి బాబూ" అనేవాడు. అంతే.

"అబ్బే, ఏం లేదండీ, కుళాయిలో నీళ్ళు అవే వస్తాయిలెండి!" అంటూ వచ్చినవాడు ముక్కు పట్టుకుని పరుగు. (దుర్వాసుడైనా శపించడానికి రెండు ముక్కలు మాట్లాడాలి. దుర్వాసనకు ఆ శ్రమ లేదు.) ఫిర్యాదులే లేని కార్యాలయమని రాజధాని నుంచి జ్ఞాపిక వచ్చింది. పై అధికారి త్రిలోచన్ సాహు దాన్ని తన బల్ల మీద పెట్టుకున్నాడు, బనమాలికి దూరంగా.

కొలువులో ఇంత విశ్వాసపాత్రుడికి ఇంట్లో శ్వాసే శత్రువు. ఒడియావాళ్ళ ఊయలల పండుగ రజకు వీధిలో ఆలుమగలంతా ఊయలలెక్కుతారు. అతని భార్య కుముదిని మాత్రం ఏటా తన వదినతోనే ఊగేది.

"ఈసారైనా నీ పక్కన నేను కూర్చుంటానే," అన్నాడు బనమాలి.

కుముదిని గోడవైపు తిరిగే జవాబిచ్చింది. "కూర్చోండి. ఊపిరి మాత్రం దిగాక తీసుకోండి."

అతను నొచ్చుకుని ఎండుచేప మానేశాడు, చద్దన్నంలో ఉల్లిపాయ మానేశాడు. కటక్‌లో ఏ రోగానికైనా కడుపులో గ్యాసే కారణం కనుక దానికీ చూర్ణాలు మింగాడు. పైన కిళ్ళీ మీద కిళ్ళీ. చివరికి పళ్ళ డాక్టరమ్మ లిప్సా పట్నాయక్ అతన్ని నోరు తెరవమంది. తెరిచాక తాను రెండో మాస్కు తగిలించుకుంది.

"పాపం, కడుపునెందుకు ఆడిపోసుకుంటారు బాబూ? చిగుళ్ళ కింద గార, నాలుక మీద పాచి. మీ కిళ్ళీ ఏమో పెంటకుప్పకు పూలపందిరి!"

గార గీకించుకున్నాడు. పూటపూటా నాలుక గీసుకున్నాడు, రాత్రిళ్ళూ పళ్ళు తోమాడు, కిళ్ళీ మాని నోరెండకుండా మంచినీళ్ళు తాగాడు. కొన్ని వారాలకు నోట్లో కంపు తగ్గింది, కార్యాలయంలో కంపం పుట్టింది. జనం కిటికీ దగ్గర నిలబడి గోడు చివరిదాకా చెప్పసాగారు! వరుస గేటు దాటి మిఠాయి కొట్టు దాకా పాకింది.

సాహు పిలిపించాడు. "ఏంటయ్యా బనమాలి బాబూ ఇది? తనిఖీ వస్తోంది. నాలుగు రోజులు పళ్ళు తోమడం మానలేవా? దేశసేవ అనుకో."

"రజ పండుగ దగ్గరికొచ్చింది సార్. ఊయల ఎక్కాలి."

"అయితే ముందు నేలమాళిగలోకి దిగు. పాత ఫైళ్ళున్నాయి, వాటికి ముక్కుల్లేవు."

'విధి నిర్వహణకు అవసరమైన ప్రత్యేక అర్హతను స్వయంకృతాపరాధం వల్ల కోల్పోయినందున' బదిలీ చేస్తున్నామని ఉత్తర్వు వచ్చింది.

పండుగనాడు బనమాలి ఊయల మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"వదలండి, పోతారు!" అంది కుముదిని.

వదిలాడు. ఆమె దిగలేదు. మొహం కూడా తిప్పుకోలేదు. "ఇంకాస్త గట్టిగా ఊపండి," అంది.

సెలవులయ్యాక ఆ కిటికీకి రంధ్రం లేని మందపాటి అద్దం బిగించారు. ఇటు అరిచింది అటు వినబడదు. ఫిర్యాదులు మళ్ళీ సున్నా. కంపు మాత్రం ఈసారి ఎవరి నోటిదీ కాదు.