ఓట్స్ ఉప్మా మీద దీర్ఘ ప్రార్థన

ఆసుపత్రి భోజనాన్ని తిట్టేవాళ్లంత కృతఘ్నులు లోకంలో లేరు! మందులు రోగాన్ని తగ్గిస్తాయి, అంతే. ఇంటికి పోవాలన్న పట్టుదలను పుట్టించేది మాత్రం ఆ మూత పెట్టిన స్టీలు ప్లేటే. రుచిగా వండిపెడితే ఎవరైనా మంచం దిగుతారా? దిగకపోతే కొత్త రోగులు ఎక్కడ పడుకోవాలి? ఇంత దూరం ఆలోచించి వండుతుంటే, ఉప్పు లేదని మనం సణగడం ఏం మర్యాద?

అనుమానం ఉన్న పాఠకులు సీతాఫల్‌మండి దేవసహాయం గారి సంగతి వినాలి.

ఆయన మిషన్ స్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యారు. చర్చిలో సంఘ పెద్ద. ఆయనకు ఉన్న గర్వమల్లా ఒక్కటే. ఏటా కోత పండుగ నాడు చర్చి ఆవరణలో జరిగే ప్రేమవిందుకు భోజన ప్రార్థన చేసేది ఆయనే. ఆ ప్రార్థన సముద్రం మీద మేఘాలతో మొదలై, నైరుతి రుతుపవనాల మీదుగా, వరి మళ్ల మీదుగా సాగి బిర్యానీ దగ్గరికి వచ్చేసరికి బిర్యానీ చల్లారిపోయేది. పిల్లలు తల్లుల ఒళ్లో నిద్రపోయేవారు. పాస్టర్ గారు కూడా ఒక కన్ను తెరిచి బిర్యానీ వండిన డేగిసా వైపు చూసేవారు.

యేసురాజు అనే మరో పెద్ద, ఒక్క ఏడాది నాకు అవకాశమివ్వండని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఆయన ప్రార్థనలు పొట్టివి. అందుకే సంఘమంతా లోలోపల ఆయన పక్షమే. ఈ సంగతి దేవసహాయం గారికి తెలుసు. ఒక్కసారి ఆ చోటు వదిలితే మళ్లీ దక్కదనీ తెలుసు.

సరిగ్గా పండుగ వారంలోనే ఆయనకు గుండెల్లో పట్టేసినట్టయింది. భార్య మేబెల్ ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. అది గ్యాసేనని ఆ పూటే తేలింది. కానీ వచ్చిన మనిషిని ఊరికే పంపించేస్తే ఆసుపత్రికి పరువేముంటుంది? పెట్టిన భోజనం పూర్తిగా తిని అరిగించుకుంటే శనివారం పంపుతాననీ, లేదంటే సోమవారం దాకా ఇక్కడేననీ డాక్టరు తేల్చి చెప్పారు. పండుగ ఆదివారం!

ఇక భోజనం సంగతి. అక్కడి డైటీషియన్ మేడం బాగా చదువుకున్న మనిషి. ఆ చదువు ఇంకా ఆగకపోవడమే వచ్చిన చిక్కు. ఏ సెమినార్‌కు వెళ్లొచ్చినా ఒక కొత్త సంగతి తెస్తుంది. మంగళవారం గుడ్డులో పచ్చసొన ప్రాణాంతకం. బుధవారం పచ్చసొన నిర్దోషిగా విడుదలైంది, తెల్లన్నం అరెస్టయింది. గురువారం నెయ్యికి క్షమాభిక్ష దొరికింది గానీ కొబ్బరి మీద కేసు పడింది. గుడ్డంతా మింగితే గానీ బడికి పంపని తల్లి చేతిలో పెరిగిన దేవసహాయం గారికి, తాను ఇంతకాలం ఎలా బతికానా అని అనుమానం వచ్చింది.

ఏ పూట ఏది నేరమో తెలియక వంటగదివాళ్లు ఒక ఉపాయం పన్నారు. ఏమీ వేయకుండా ఓట్స్ ఉప్మా వండటం మొదలుపెట్టారు. ఉప్పు లేదు, నూనె లేదు, తాలింపు లేదు. ఎవరూ తప్పు పట్టలేని వంట! మేబెల్ తెచ్చిన చేపల పులుసు క్యారియర్‌ను మాత్రం, బయటి తిండి నిషేధమని గేటు మనిషి ఆపేశాడు.

తినేద్దామనే కూర్చున్నారు దేవసహాయం గారు. కానీ ఆ ఇంట్లో దేవుడికి వందనం చెప్పకుండా ముద్ద ఎత్తరు. ఆయన ప్రార్థనలో అబద్ధమాడే మనిషి కాదు. ఈ ఉప్మాకు వందనమని నోరారా ఎలా అంటారు? అందుకని చుట్టుదారి పట్టారు. ఓట్స్ పండే చలి దేశాల వాతావరణానికి స్తోత్రం చెప్పారు. ఓడలకు చెప్పారు. గూడ్సు బండికి, దాని డ్రైవరుకు, దారిలో జెండా ఊపినవాళ్లకు చెప్పారు. ఎంత తిరిగినా ఉప్మా దగ్గరికి మాత్రం రాలేకపోయారు. మేబెల్ కూడా కళ్లు మూసుకునే ఉంది. ఆఖరికి ఓడిపోయి, ఆమేన్ అని ఆయన కళ్లు తెరిచారు.

ప్లేటు ఖాళీ!

పక్క మంచం మీద, రాంగోపాల్‌పేట్‌లో ఇనుప సామాన్ల కొట్టు నడిపే వీరయ్య అటు తిరిగి దుప్పటి కప్పుకుని ఉన్నాడు. పాపం, షుగర్ మనిషి. పూటపూటకూ చప్పటి రాగిజావే ఆయనకు.

భార్యే జాలిపడి ఉప్మాను ఎక్కడో పారేసిందని దేవసహాయం గారు అనుకున్నారు. తాను కళ్లు మూసుకున్నప్పుడు భర్త గబగబా తినేశాడని మేబెల్ అనుకుంది. ప్రార్థన నడుమ తినడం సంఘ పెద్దకు తగని పని కాబట్టి, ఆయన పరువు కోసం అడగలేదు. ప్రతి పూటా ఇదే వరస. ఆయన ప్లేటు పక్కన పెట్టే అరటిపండుతోనూ స్తోత్రాలతోనూ బతికారు. ఖాళీ ప్లేటు చూసి డైటీషియన్ మేడం మురిసిపోయింది. వచ్చే సెమినార్‌లో చూపించాలని దానికి ఫోటో కూడా తీసుకుంది.

శనివారం డాక్టరు వచ్చారు. దేవసహాయం గారి బరువు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ దిగివచ్చాయి. ఇదంతా ఉప్మా మహిమేనని మేడం చెప్పింది. వీరయ్యకు మాత్రం షుగర్ ఎక్కడికో ఎక్కింది. జావ తాగే మనిషికి ఇదెలా సాధ్యమని డాక్టరు గద్దించేసరికి వీరయ్య దుప్పటి తీసి, దేవసహాయం గారి వైపు తిరిగాడు.

"జెర మాఫ్ చెయ్యి సార్. నువ్వు కండ్లు మూసుకోని గూడ్సు బండి ఎక్కితే ఇప్పట్ల దిగవు. ఆకలికి ఆగలేక నీ ఉప్మా నేనే తిన్న."

దేవసహాయం గారి ప్రాణం ఉసూరుమంది. పండుగ పోయింది, ప్రార్థన యేసురాజుకు పోయింది. మేడం మొహం ఎర్రబడింది. వెంటనే వేడివేడిగా మరో ప్లేటు తెప్పించి, తన కళ్ల ముందే తింటే తప్ప ఇంటికి పంపడానికి వీల్లేదంది. ఆయన చేతులు జోడించారు, కళ్లు మూసుకున్నారు, మళ్లీ తెరిచారు.

"అమ్మా, దీనికి దేవుడికి ఏమని వందనం చెప్పాలో నాకు తోచడం లేదండీ. మీరొక ముద్ద తిని చెప్పండి. మీరేం చెబితే అదే చెప్పి తినేస్తాను."

వార్డంతా అటు తిరిగింది. మేడం ప్లేటు వైపు చూసింది, డాక్టరు వైపు చూసింది.

"నాకు ఇంటి నుంచి బాక్స్ వస్తుందండీ," అంది మెల్లగా.

డాక్టరుకూ ఇంటి నుంచే వస్తుంది కాబోలు, డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టేశారు.

ఆదివారం డేగిసా ముందు చిక్కిపోయిన దేవసహాయం గారు నిలబడ్డారు. యేసురాజు ఆశ వదులుకుని కుర్చీలో కూలబడ్డాడు. అనుభవమున్న తల్లులు పిల్లల్ని ఒళ్లో సర్దుకున్నారు. మూత తీయగానే ఆవిరి లేచింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ప్రభువా, ఇది తిండి. చూడగానే గుర్తుపట్టాను. వందనాలు. ఆమేన్."

జనం కళ్లు తెరిచేసరికి ఆయన మొదటి ముద్ద మింగేశారు. ఆ సంఘం పుట్టాక వేడి బిర్యానీ తినడం అదే మొదలట. పాస్టర్ గారి సూచనలు, యేసురాజు అర్జీలు ఇన్నేళ్లూ చేయలేని పనిని ఓట్స్ ఉప్మా ఒక్క వారంలో చేసి చూపించింది. ఇప్పుడైనా ఒప్పుకుంటారా, అది వరమని?

సంఘం ఒప్పుకుంది. కృతజ్ఞతగా ఒక క్యారియర్ నిండా బిర్యానీ పెట్టి ఆసుపత్రికి పంపింది. గేటు మనిషి దాన్ని ఆపి, మూత తీసి వాసన చూసి, ఏ రోగికని గట్టిగా అడిగాడు. రోగికి కాదు, డైటీషియన్ మేడం గారికి అని చెప్పగానే మూత పెట్టేసి, చల్లారకముందే తీసుకుపొమ్మని దారి ఇచ్చాడు.