పన్నెండు పేజీల నమ్మకం

కిటికీ అవతల మంచు ఇంకా విడలేదు. తత్వశాస్త్రం మాస్టారు కుర్చీలోనే కళ్ళు తెరిచి, ఆ తెల్లదనంలోకి చూస్తూ కూర్చున్నారు. ఎంత హాయిగా ఉందో! నాస్తికవాదం మీద వ్యాసం పూర్తయింది. పన్నెండు పేజీలు, నీలం అట్ట. ఉండవలసిన చోట శ్రద్ధగా వెతికినా కనిపించనిదాన్ని లేదనుకోవడమే సబబన్నది అందులో వాదం. పదకొండింటికి కళాశాల సభలో చదవాలి. చదవకపోతే, ఇరవై ఏళ్ళుగా ఆయన ప్రాణం పెట్టి చెబుతున్న ఆ పాఠాన్ని ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ తేల్చేశారు.

బల్ల మీద చూస్తే వ్యాసం లేదు. ఇల్లంతా గాలించినా దొరకలేదు.

"అసలు రాశారా?" అంది భార్య. ఆవిడ పని ప్రయోగశాలలో. కంటికి కనిపిస్తేనే లెక్క.

"రాయకపోవడమేమిటి? చివరి వాక్యం ఇంకా నా నాలుక మీదే ఉంది!" అంటూ మాస్టారు ఉక్రోషంగా, చూసుకోకుండా ఆవిడ చెప్పులేసుకుని మంచులో పడి కళాశాలకు వెళ్ళిపోయారు.

కళాశాల లైబ్రేరియన్ తన సర్వీసులో ఏ పుస్తకాన్నీ లేదని చెప్పి ఎరగదు. ఆవిడ దృష్టిలో పుస్తకమన్నది లోపలన్నా ఉంటుంది, బయటికన్నా వెళ్ళి ఉంటుంది.

"నీలం అట్టా? నిన్న మీ చేతిలో చూసినట్టే ఉందండీ," అని వెంటనే కార్డు రాసింది: వ్యాసం, పన్నెండు పేజీలు, బయటికి వెళ్ళింది.

అక్కడే ఈయనతో ఎప్పుడూ వాదించే ఆస్తిక మాస్టారున్నారు; దేన్నీ చదవలేదని ఒప్పుకునే అలవాటు లేని ఆయన ఆ కార్డు చూశారు. "ఓ, అదా! చూశాను. మూడో పేజీలో కాస్త తొందరపడ్డారు."

తత్వశాస్త్రం మాస్టారికి ప్రాణం లేచి వచ్చింది. విమర్శ కూడా వచ్చిందంటే ఇంకేం కావాలి! ఈలోగా మెట్లు ఊడ్చే ఆవిడ, ఏవో కాగితాలు గాలికి చెట్ల వైపు ఎగిరాయంది. సగం కళాశాల చెట్లకింద చేరింది. మంచులో మసక మసకగా మనుషులు వంగి వెతుకుతుంటే, ఎవరికో నీలం కాగితం ముక్క దొరికింది. అది చేతులు మారుతూ వచ్చింది. మాస్టారు దాన్ని జేబులో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు.

పదకొండుకు పది నిమిషాలుందనగా భార్య తెల్లకాగితాల కట్టతో వచ్చింది. "సీలు కూడా తియ్యలేదండీ. కలంలో సిరా గడ్డ కట్టింది. మీరు కుర్చీలో గుర్రుపెట్టడం మాత్రం నా చెవులారా విన్నాను."

"మరి చివరి వాక్యం?"

"ఏదీ, చెప్పండి."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "కాబట్టి, మబ్బులకు గుండీలు కుట్టడం ఎవరి తరమూ కాదు."

విన్నాక ఆయనకే అర్థమైంది. అయినా సభలో లేచి నిలబడ్డారు.

"ఈ ఉదయం నేను లేని వ్యాసాన్ని మనసారా నమ్మాను. ముగ్గురు సాక్షులు దొరికారు, ఒక నీలం ముక్క కూడా దొరికింది. ఎక్కడా కనిపించకపోతే ఇంకా వెతకాలనుకున్నానే తప్ప, లేదేమోనని ఒక్కసారి కూడా అనుకోలేదు. నమ్మేవాళ్ళను చూసి ఇన్నాళ్ళూ నవ్వాను. ఇకమీదట కొంచెం నెమ్మదిగా వాదిస్తాను."

సభ పగలబడి నవ్వింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆస్తిక మాస్టారే. ప్రిన్సిపాల్ ఆ మాటలనే వ్యాసంగా లెక్కవేశారు, పాఠం నిలిచింది.

లైబ్రరీలో ఆ కార్డు ఇప్పటికీ ఉంది. వ్యాసం తిరిగి రాగానే తమకివ్వమని నలుగురు పేర్లు రాయించుకున్నారు.