‘వెళ్ళొస్తాను’ స్వాధీన పత్రం

సెప్టెంబరు రెండో శుక్రవారం ఉదయం ఎనిమిదింపావుకి, పెద్దాపురంలో వాసంశెట్టి శోభనాద్రి ఇంట్లో ‘వెళ్ళొస్తాను’ అనే మాట పలకడం ఆగిపోయింది. మరిచిపోవడం కాదు. నోరు తెరుచుకుంది, నాలుక కదిలింది, శబ్దం మాత్రం రాలేదు. ఆ సమయానికి బడికి బయల్దేరిన కూతురు ప్రవల్లిక గుమ్మంలో నిలబడి మూడుసార్లు ప్రయత్నించింది. బస్సువాడు హారన్ కొడుతుంటే చెయ్యూపి వెళ్ళిపోయింది.

“అదేంటండి, పిల్ల ఏమీ అనకుండా ఎళ్ళిపోయింది?” అంది శోభనాద్రి భార్య నూకరత్నం. ఆ మాట తనూ అనబోయి చూసుకుంది. “గాలొత్తంది గానీ మాట రావట్లేదండి.”

శోభనాద్రి ఫోన్ చూసుకుంటున్నాడు. ‘చిత్తుప్రతి’ నుంచి సందేశం వచ్చింది: “అభినందనలు! మీ స్క్రిప్టులోని 61వ సీను ఎంపికైనది. అందలి మాటలు నేటినుండి మా స్వాధీనమైనవి.” భార్య చెప్పింది అతడికి సగమే వినిపించింది. పన్నెండేళ్ళుగా రాసుకుంటున్న సినిమాలోంచి ఒక సీను ఎంపికైతే ఎవరికైనా అంతే వినిపిస్తుంది.

చిత్తుప్రతి అనేది సినిమా రచయితలు కావాలనుకునేవాళ్ళ కోసం ఫోన్లో నడిచే వేదిక. ఎవరైనా స్క్రిప్టు పంపవచ్చు. హైదరాబాదు వెళ్ళి ఆఫీసుల మెట్ల మీద పడిగాపులు కాయనక్కర్లేదు. వాళ్ళు స్క్రిప్టు మొత్తంగా తీసుకోరు, కావలసిన సీను కోసుకుంటారు. దాన్ని ఏ సినిమాలోనో, సిరీస్‌లోనో అతుకుతారు. తెర మీద ‘రచన: చిత్తుప్రతి బృందం’ అని పడుతుంది. రచయిత పేరు తగిన సమయంలో వేస్తామని షరతుల్లోనే ఉంది. ఆ తగిన సమయం ఇంతవరకు ఎవరికీ రాలేదు, అయితే రాదని కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ షరతులు శోభనాద్రి చదవలేదనుకుంటే పొరపాటు. అతడు దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని పద్దెనిమిదేళ్ళుగా ఇళ్ళ కాగితాలు, పొలం కాగితాలు రాస్తున్నాడు. నలభై మూడు పేజీలూ చదివాడు. “సదరు మాటలను, వాటి యాసలను, మారురూపాలను నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగములతో మీకు దఖలుపరచడమైనది. ఇకమీదట నాకు గాని, నా కుటుంబీకులకు గాని వాటియందు ఎట్టి హక్కు లేదు” అన్న చోట ఆగి, ఎవడో పాతకాలపు చెయ్యే రాశాడని ముచ్చటపడ్డాడు కూడా. పొలం అమ్ముకునే రైతులు “ఇదేంటి బాబూ, నిధులూ రాళ్ళూ అంటన్నారు?” అని భయపడితే, “ఇవన్నీ రాతకోసం రాసేవేనయ్యా, ఏలిముద్ర ఎయ్యి” అని చెప్పడం అతడికి అలవాటు. తనకు తానూ అదే చెప్పుకుని వేలు నొక్కాడు.

ఇలా మాట పోవడం ఆ ఇంట్లో మొదటిసారి కాదు. జూన్‌లో 12వ సీనుతో ‘ఇంకాస్త కలుపుకోండి’ పోయింది. అప్పటినుంచి నూకరత్నం అడక్కుండానే వడ్డిస్తోంది. ఆగస్టులో ‘మీకేం తెలీదు, ఊరుకోండి’ పోయింది. దాంతో శోభనాద్రికి కొన్నాళ్ళు హాయిగానే ఉంది. అతడి స్క్రిప్టులో పనికొచ్చే మాటలన్నీ నూకరత్నం అన్నవే. ఆమె వంటింట్లో అంటుంటే అతడు వసారాలో రాసుకునేవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. సినిమాలో పడితే పడనీ, మాటలకేం కరువా అనుకునేది పిచ్చిది.

కానీ ఈ మాట వేరు. ఇల్లు దాటేవాళ్ళు ‘వెళ్తున్నాను’ అనకూడదు. వెళ్ళడంతో పాటు రావడం కూడా నోటివెంట రావాలి. పెళ్ళయిన పదిహేనేళ్ళలో నూకరత్నం పెరట్లోకి తప్ప ఎక్కడికి బయల్దేరినా ఆ మాట అనకుండా గడప దాటలేదు. పైగా ఆ నెల ఇరవై మూడున కాకినాడలో ఆమెకు గుండె ఆపరేషన్ ఉంది. ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదట. బల్ల ఎక్కించే ముందు పిల్లతో ఆ మాట అనాలని ఆమె కోరిక. అంతకుమించి ఆవిడ దేన్నీ కోరలేదు.

ముగ్గురూ కూర్చుని దారులు వెతికారు. ‘ఎల్లొత్తాను’ అని చూశారు, యాస కూడా దఖలులో ఉంది కాబట్టి రాలేదు. శోభనాద్రి స్టాంపు కాగితం మీద రాయబోతే పెన్ను కదిలినంత మేరా తెల్లగా ఉండిపోయింది. ‘మళ్ళీ కలుద్దాం’ అని అనొచ్చు, కానీ అది వార్తలు చదివేవాళ్ళు అంటారు. ‘బాయ్’ అని ప్రవల్లిక అంది. అందులో రావడం ఎక్కడుందని నూకరత్నం అడిగింది. (ఈ కథ రాస్తున్నవాడు ఆ ఇంటివాడు కాడు కాబట్టి పోయిన మాటను ఇక్కడ వాడుకోగలుగుతున్నాడు. రేపటి సంగతి చెప్పలేడు.)

శోభనాద్రి చిత్తుప్రతికి ఫోన్ చేశాడు. అవతల ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా మాట్లాడింది.

“నమస్కారమండి, నేను కథాసఖిని. మీరు వర్ధమాన రచయిత, రెండో శ్రేణి. చెప్పండి.”

“ఒక మాట ఎనక్కి కావాలమ్మా. మా ఆవిడ ఆపరేషన్‌కి ఎళ్తంది. ఒక్కసారి అనుకుంటే సాలు.”

“వెనక్కి ఇవ్వడం కుదరదండి. గృహవినియోగ అనుమతికి దరఖాస్తు పెట్టుకోండి. నెలకు మూడుసార్లు పలకొచ్చు. పరిశీలనకు ముప్పై పనిదినాలు.”

“ఆపరేషన్ పదకొండు రోజుల్లో ఉందమ్మా.”

“వాయిదా వేసుకునే వీలుందేమో కనుక్కోండి. ఇంకేమైనా సాయం కావాలా?”

దరఖాస్తు పెట్టాడు. గుండె డాక్టరు సర్టిఫికెట్, పెళ్ళి ధ్రువపత్రం, ఆ మాట గతంలో ఇంట్లో వాడినట్టు ఇద్దరు సాక్షుల సంతకాలు జతపరిచాడు. ‘పరిశీలనలో ఉన్నది’ అని వచ్చింది.

ఇరవై రెండో తేదీ మధ్యాహ్నం ఆసుపత్రి వార్డులో గోడకున్న టీవీలో కొత్త సిరీస్ వస్తోంది. అందులో ఒక తెల్లటి అమ్మాయి రైలెక్కుతూ వెనక్కి తిరిగి ‘వెళ్ళొస్తాను’ అంది. ‘వె’ దగ్గర కొంచెం ఆగి, ‘తాను’ దగ్గర గొంతు దించి, అచ్చం నూకరత్నం అన్నట్టే అంది. పక్క మంచాల వాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

“ఎవరండీ ఆవిడ? నా నోరెట్టుకుని మాటాడతంది,” అంది నూకరత్నం. శోభనాద్రికి సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఛాతీ కూడా పొంగింది. ఆ రెండో సంగతి అతడు ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఏడున్నరకి నర్సు వచ్చి గాజులు, తాళి తీయించి వెళ్ళింది. ప్రవల్లిక నీళ్ళు పట్టడానికి కిందికి వెళ్ళింది. నూకరత్నం మొగుణ్ణి దగ్గరకు పిలిచింది.

“ఆ మాట పోతే పోయిందిలెండి. రాత్రంతా ఆలోచించి ఇంకోటి అనుకున్నాను. లోపలికి ఎళ్ళేటప్పుడు పిల్లతో అదే అంటాను.”

“ఏంటది?”

“నా కంచం బోర్లించకే, అంటాను.”

శోభనాద్రి ఒళ్ళు ఝల్లుమంది. రావడం అన్న మాటే లేదు, రావడం తప్ప అందులో ఇంకేమీ లేదు. పన్నెండేళ్ళలో అతడు ఇంత మంచి వాక్యం రాయలేదు, ఇకమీదట రాయలేడు కూడా. భార్య మీద ప్రేమ, ఆమె మీద అసూయ రెండూ ఒకేసారి కలిగాయి. చెయ్యి జేబులోకి వెళ్ళింది. చిత్తుప్రతిలో ఆ వారం ‘ఒక్క వాక్యం’ పోటీ నడుస్తోంది, గడువు ఎనిమిది గంటలకు. మర్చిపోతానేమోనని టైపు చేసుకున్నాడు. ఎంపిక చెయ్యడానికి వాళ్ళకు కనీసం మూడు రోజులు పడుతుంది, ఇంకో అరగంటలో ఈవిడ అనేస్తుంది, ఇందులో ఎవరికీ నష్టం లేదు అని లెక్క వేసుకున్నాడు. కొళాయి కట్టేసినంత తేలిగ్గా పంపేశాడు.

నాలుగు నిమిషాల్లో అభినందనలు వచ్చాయి. అంత త్వరగా ఎంపిక కావడం చిత్తుప్రతి చరిత్రలోనే మొదటిసారని, ఆయన్ని మూడో శ్రేణికి పెంచామని కూడా రాశారు.

ఎనిమిదింటికి స్ట్రెచరు ఆపరేషన్ గది తలుపుల దాకా వెళ్ళింది. అక్కడ నూకరత్నం ఆపమంది. ప్రవల్లిక వంగింది. నూకరత్నం కూతురి చెంప మీద చెయ్యి వేసి నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. ఇంకోసారి కదిలాయి. అప్పుడు ఆమె తల తిప్పి శోభనాద్రి చేతిలో ఉన్న ఫోన్ చూసింది. కోపగించుకోలేదు. చిన్నపిల్లాడు మట్టి తింటే చూసినట్టు చూసి, కూతురి చెంప వదిలేసింది. తలుపులు మూసుకున్నాయి.

“అమ్మ ఏమంది నాన్నా?”

శోభనాద్రి చెప్పబోయాడు, గాలి వచ్చింది. ఆసుపత్రి చీటీ వెనక రాయబోయాడు, చీటీ తెల్లగానే ఉంది. చివరికి ఫోన్ చూపించాడు. ‘ఈ వారపు వాక్యం’ అని ఉంది, దాని మీద తాళం బొమ్మ ఉంది. రాసినవాళ్ళకు తమ వాక్యం కనిపించదు. చదవాలంటే ఇంకెవరైనా కొత్తగా సభ్యులుగా చేరాలి. ప్రవల్లిక ఫోన్ లాక్కుని తన పేరు, పుట్టిన తేదీ కొట్టింది. నలభై మూడు పేజీలు ఒక్క వేలితో పైకి తోసేసి, అందరూ నొక్కినట్టే, ‘అంగీకరిస్తున్నాను’ నొక్కింది.

తాళం తెరుచుకుంది. పిల్ల ఆ మూడు మాటలూ చదివింది. మళ్ళీ చదివింది. మూసుకున్న తలుపుల వైపు చూసింది, ఏడ్చింది. వాక్యం కింద ఒక ఖాళీ గడి, దాని మీద ఒక ప్రశ్న ఉన్నాయి: “మీ అమ్మ మీతో ఇలా అంటే మీరేం బదులిస్తారు? మీ సొంత మాటల్లో రాయండి.”

ప్రవల్లిక కళ్ళు తుడుచుకుని రాయడం మొదలుపెట్టింది. శోభనాద్రి పక్కకు జరిగి, ఆమె భుజం మీదుగా చూశాడు. పిల్ల బాగా రాస్తోంది.