దుప్పటి వెనక రెండు యాంప్‌లు

ఆ ఆదివారం ఉదయం గిలాంగ్ పెట్టుకున్న పని చిన్నదే. మావగారు బజారు నుంచి వచ్చేలోగా ముందు గదిలో ఆయన వాల్వు యాంప్ వెనక పేరుకున్న దుమ్ము దులిపి, ఆయన చేత ఒక మంచి మాట అనిపించుకోవాలి.

బాందుంగ్ నగరంలో పాత రాక్ పాటలు తెలిసినవాళ్ళకి కొస్వరా గారి గిటారు తెలుసు. ఆ గిటారుకి గొంతు ఇచ్చేది ఆ యాంప్. లోపల గాజు వాల్వులు ఎర్రగా కాలుతూ పనిచేసే పాతకాలపు పెట్టె. పెళ్ళినాడు ఆయన అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "మా యాంతిని బాగా చూసుకో. ఆ యాంప్‌ని మాత్రం అసలు చూడకు" అన్నారు. హాస్యమేమోనని గిలాంగ్ ఆయన మొహంలోకి చూశాడు. నవ్వు లేదు.

పెట్టెని జరిపినప్పుడు దాని నుంచి స్పీకరుకి వెళ్ళే తీగ ఊడిపోయింది. గిలాంగ్ అది చూసుకోలేదు. తుడవడం అయ్యాక, అంతా సవ్యంగా ఉందో లేదోనని స్విచ్చి వేసి, గిటారు తగిలించి వాయించాడు. శబ్దం రాలేదు. శబ్దం పెంచే మీటని చివరిదాకా తిప్పి, ఇంకా గట్టిగా వాయించాడు. ఈసారి కమురు వాసన వచ్చింది.

"స్పీకరు లేకుండా వాయించావా?" అన్నాడు మెకానిక్ ఫోన్లో.

"తుడిచానంతే."

"ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మళ్ళీ చుట్టాలి. ఈ వారంలో అయ్యే పని కాదు."

వాసనకి యాంతి వంటింట్లోంచి వచ్చి చూసి, కిటికీలు తెరిచింది.

"నాన్నకి నువ్వు చెప్పు" అన్నాడు గిలాంగ్.

"నేనా? నాకింకా బతకాలనుంది."

వాల్వులు మాత్రం ఇంకా ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. అదే గిలాంగ్ బుర్రకి పాడు ఆలోచన తెచ్చింది. అతనికి టిఫిన్ డబ్బా అంత డిజిటల్ పెట్టె ఒకటుంది. ఏ యాంప్ గొంతునైనా అచ్చుగుద్దినట్టు పలుకుతుంది. మావగారు దాన్ని మిమిక్రీ డబ్బా అంటారు. గిలాంగ్ మరలు విప్పి, దాన్ని యాంప్ లోపల ఇరికించి, గిటారు నుంచి వచ్చే తీగని దానికీ, దాని నుంచి ఇంకో తీగని స్పీకరుకీ కలిపాడు. ఆఖరి మర బిగిస్తుండగా వాకిట్లో రెండు గొంతుల కేకలు వినిపించాయి.

కొస్వరా గారి వెంట దుదుంగ్ గారు. ఒకప్పుడు ఒకే బృందంలో వాయించినవాళ్ళు. దుదుంగ్ గారు నడుం నొప్పి వల్ల బరువులు మొయ్యలేక అలాంటి డిజిటల్ డబ్బాకే మారినప్పటి నుంచి ఇద్దరికీ పడదు. టోఫూ బండి దగ్గర మొదలైన తగువు ఇంటిదాకా వచ్చింది.

"ఇవాళ సాయంత్రమే, వీధి సంఘం హాల్లో. రెండిట్నీ దుప్పటి వెనక పెడదాం. ఏది ఎవరిదో చెప్పలేనివాడు ఆగస్టు పదిహేడు స్వాతంత్ర్య దినోత్సవం వేదిక ఎక్కకూడదు" అన్నారు దుదుంగ్ గారు.

"రెండూ మా గిలాంగే వాయిస్తాడు. వాడికి అబద్ధం రాదు" అన్నారు కొస్వరా గారు.

అప్పటికీ గిలాంగ్ ఒక ప్రయత్నం చేశాడు. "మావయ్యా, నాకు జ్వరంలా ఉంది."

"వేళ్ళకి జ్వరం రాదు. పట్టు, మోద్దాం."

సాయంత్రం హాలు కిటకిటలాడింది. దుప్పటి వెనక దుదుంగ్ గారి భార్య ఇమాస్, బాతిక్ గుడ్డ కప్పిన పెట్టెకి అడ్డంగా నిలబడి ఉంది.

"నువ్వు ముట్టుకోకు నాయనా. తీగ నేనే పెడతా" అంది.

ఆ గుడ్డ మీదుగా సెగ తగిలింది. డిజిటల్ పెట్టె అంతగా వేడెక్కదు. గిలాంగ్ వంగి చూశాడు. గుడ్డ కింద ఎర్రటి వెలుగు.

"పిన్నీ, ఇది వాల్వులది కదా?"

ఇమాస్ అతని చెయ్యి పట్టుకుంది. "మీ బాబాయి డబ్బా మీద పొద్దున కొబ్బరిపాల పులుసు ఒలికింది. ఇది మా తమ్ముడిది. ఆయనకి తెలిస్తే నేను పుట్టింటికే."

"నాకు పుట్టిల్లు కూడా ఊళ్ళో లేదు పిన్నీ" అన్నాడు గిలాంగ్, తన పెట్టె వైపు చూపిస్తూ.

వీధిపెద్ద చప్పట్లు కొట్టాడు. ఇంక దారి లేదు. గిలాంగ్ ముందు మావగారి పెట్టెలోంచి వాయించాడు.

"ఇది డబ్బా. నునుపు తప్ప ప్రాణం లేదు" అన్నారు కొస్వరా గారు.

"నాదే. శుభ్రంగా ఉంది" అన్నారు దుదుంగ్ గారు.

తర్వాత రెండోది వాయించాడు. కొస్వరా గారు కళ్ళు మూసుకున్నారు. "ఇదీ వాల్వంటే. ఇది నాది."

"అవును, వీడి ముసలిదే. ఆ గురక నాకు తెలుసు" అన్నారు దుదుంగ్ గారు. ఏళ్ళ తర్వాత ఇద్దరూ ఒక మాట మీద నిలబడ్డారు.

వీధిపెద్ద దుప్పటి లాగాడు. మొదట మోగింది కొస్వరా గారి పెట్టె. రెండోది దుదుంగ్ గారిదని ఇమాస్ గుడ్డ కప్పి తెచ్చింది. హాలంతా పగలబడి నవ్వింది. వెనకెవరో "ఇద్దరికీ చెవిటి మిషన్లు కొనాలి" అన్నారు.

కొస్వరా గారు నవ్వలేదు. జేబులోంచి గిటారు వాయించే బిళ్ళ తీసి బల్ల మీద పెట్టారు. "నా చెవులు పోయాయిరా దుదుంగ్. నాకే తెలియలేదు" అన్నారు మెల్లగా. దుదుంగ్ గారు పక్కనే కూలబడి తన బిళ్ళ కూడా తీశారు.

ఇమాస్ వద్దన్నట్టు తల ఊపింది. గిలాంగ్ పారిపోవడానికి పక్క తలుపు తెరిచే ఉంది. అయినా మావగారి మొహం చూస్తూ అతను కదలలేకపోయాడు.

"మీ చెవులు బాగానే ఉన్నాయి మావయ్యా" అన్నాడు. అంతా చెప్పేశాడు. దుమ్ము, తీగ, వాసన, డబ్బా. అతను ఆగగానే ఇమాస్ పులుసు సంగతి చెప్పి కొంగుతో మొహం కప్పుకుంది.

కొస్వరా గారు లేచి యాంప్ దగ్గరికి నడిచారు. వంగి వాసన చూశారు. గిలాంగ్ కళ్ళు మూసుకున్నాడు.

"అంటే, నేను సరిగ్గానే పోల్చాను" అన్నారాయన.

"నేనూ పోల్చాను" అన్నారు దుదుంగ్ గారు లేస్తూ.

ఇద్దరూ బిళ్ళలు తీసుకుని, ఏది గొప్పదన్న తగువు ఆపిన చోటి నుంచి మొదలెట్టి, భుజాల మీద చేతులు వేసుకుని బయటికి నడిచారు.

ఆగస్టు పదిహేడున ఇద్దరూ ఒకే వేదిక మీద వాయించారు. గిలాంగ్‌కీ ఇమాస్‌కీ చివరి వరుసలో, స్విచ్చులు లేని గోడ పక్కన కుర్చీలు వేశారు.