తొక్కితేనే డీజిల్ ఆదా!

అయ్యలారా, జీపు ఎంత వేగంగా పోతే డీజిల్ అంత మిగులుతుంది! ఇది కనిపెట్టింది ఏ సైంటిస్టో కాదు, మా హిందూపురం జీపు డ్రైవర్ అజిత్. "బిరీన చేరితే ఇంజను తక్కువ సేపు తిరుగుతాది కద సార్!" అన్నాడు. ఇంత చిన్న లెక్క డిగ్రీ చదివిన నాకెందుకు తట్టలేదో!

ఇంకో డ్రైవర్ ఉన్నాడు, లాల్‌సాబ్. ఎంత మొత్తుకున్నా నలభై దాటడు. "నిదానంగా పోతే లీటరుకు మూడు కిలోమీటర్లు ఎక్కువొస్తాదప్పా. బ్రేకూ పడతాది" అంటాడు. ముప్పయ్యేళ్లు జీపు నడిపినవాడికి డీజిల్ సంగతి ఏం తెలుస్తుంది? అందుకే ఆయన బండి ఎవరూ ఎక్కరు. ఈ నెలా ఇట్లే ఉంటే జీపు అమ్మేస్తానన్నాడు.

అజిత్ జీపులో ఎన్ని సుఖాలని! పదిహేడు మందిని ఎక్కించినా ఇరుకనిపించదు, మొదటి మలుపులోనే అందరూ సర్దుకుంటారు. టమోటాలమ్మే యల్లక్క అల్లాను, పక్కనున్న నౌషీన్ నరసింహస్వామిని తలుచుకుంటారు. ఇంక మతసామరస్యానికి మీటింగులెందుకండీ? అరగంటలో పెనుకొండ! ఆపైన ధర్మవరం పాసింజర్ల కోసం ఇంజను ఆపకుండా ముప్పావుగంట స్టాండులో నిలబడతాం. మిగిల్చిన డీజిల్ ఎక్కడో ఒకచోట తగలెయ్యాలి కదా!

పోయిన సోమవారం మలుపులో లారీ ఎదురొచ్చింది. అజిత్ బ్రేకు తొక్కాడు. అంత వేగంలో బండి ఆగాలంటే చాలా దూరం కావాలట, ఆ లారీవాడికి ఈపాటి ఇంగితం లేదు! జీపు గుంతలో పడింది. యల్లక్క కాలు విరిగింది. ఆమెను పెనుకొండ ఆసుపత్రికి చేర్చింది వెనకాల నలభైలో వస్తున్న లాల్‌సాబే.

మర్నాడు లాల్‌సాబ్ జీపు కిటకిటలాడింది. రెండోరోజు సగమే నిండింది. మూడోరోజు అజిత్ ఇంకో జీపుతో దిగాడు. లాల్‌సాబ్ బండిలో ఒక్కడంటే ఒక్కడు లేడు.

నన్ను చూసి, "యాడికి పోతాండావప్పా? రా, కూర్చో" అన్నాడు.

"పెనుకొండకే. తొందర పనుండాది సాబ్" అని, సిగ్గు లేకుండా పోయి అజిత్ పక్క సీటెక్కాను. ఆ వారమే లాల్‌సాబ్ జీపు అమ్మేశాడు.

ఆ రోజు ఏమంత తొందర పని అంటారా? ఆసుపత్రికి పోయి యల్లక్కను చూడాలి. ఇకనైనా బుద్ధి తెచ్చుకుని లాల్‌సాబ్ బండిలోనే తిరగమని ఆమెను గట్టిగా మందలించాలి!